అటక మీది "కొత్త" హెల్మెట్ పెట్టుకోవచ్చా? ఇంట్లోనే చూసుకునే పద్ధతి

సంక్రాంతికి మా వైపు ప్రతి ఇంటా జరిగేదే ఇది. హైదరాబాద్, చెన్నై, విశాఖల్లో పనిచేసే పిల్లలు ఊరొస్తారు. వాకిట్లో నాన్న బండి ఉంటుంది. పలాస బజారుకు వెళ్లాలన్నా, అరసవల్లి వెళ్లి దండం పెట్టుకోవాలన్నా ఆ బండే దిక్కు. బయల్దేరేటప్పుడు హెల్మెట్ గుర్తొస్తుంది. అమ్మ స్టూలు వేసుకుని అటక మీంచి దించి, కొంగుతో దుమ్ము తుడిచి చేతిలో పెడుతుంది. "కొత్తదేరా, కవరైనా ఇప్పలేదు" అంటుంది.

మా ఇంట్లో ఆ కొత్త హెల్మెట్ 2013 నాటిది. బండి కొన్నప్పుడు షోరూంలో రెండు ఇచ్చారు. ఒకటి నేను వాడి అరగదీశాను. రెండోది వెనక కూర్చునేవాళ్ల కోసమని కవరుతోనే అటకెక్కింది. మూడేళ్ల కిందట పండక్కి వచ్చిన మా బావ దాన్ని పెట్టుకుని టెక్కలి దాకా వెళ్లొచ్చాడు. తీసేసరికి నుదురు, చెవులు, చెంపల నిండా నల్లటి పొడి. లోపలి స్పాంజి పిండిలా రాలుతోంది. అనుమానం వచ్చి బెల్టు పట్టుకుని గట్టిగా లాగాను. ఒక పక్క రివెట్, అంటే బెల్టును డొప్పకు బిగించే మేకు, తుప్పు పట్టి ఉంది, ఊడి చేతిలోకి వచ్చేసింది. ఆ బెల్టును నమ్ముకునే మా బావ హైవే మీద లారీల పక్క నుంచి వెళ్లి వచ్చాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

కారణం తర్వాత అర్థమైంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా పలాస వైపు తీరం దాటినప్పుడు ఆ గది రేకులు లేచిపోయాయి. సామానంతా తడిసింది. హెల్మెట్ కవరులో ఉంది కదా, దానికేమీ కాదనుకున్నాం. నిజానికి కవరులోకి దిగిన నీళ్లు బయటికి పోయే దారి లేక, నెలల తరబడి అందులోనే ఉక్కబెట్టాయి. మేం కాపాడుతుందనుకున్న కవరే దాన్ని పాడుచేసింది.

అప్పటి నుంచి చుట్టాల ఇళ్లలో ఎవరు పాత హెల్మెట్ దించినా ముందు నేను చూస్తున్నాను. ఎలా చూస్తానో ఇక్కడ రాస్తున్నాను. స్క్రూడ్రైవరు కూడా అక్కర్లేదు. ఒక టార్చిలైటు, కొలత టేపు, వెలుతురున్న చోటు, అరగంట సమయం ఉంటే చాలు.

హెల్మెట్‌లో ఏ భాగం ఏ పని చేస్తుంది

ఇది తెలిస్తే దేని కోసం వెతకాలో మీకే తెలుస్తుంది. పైన గట్టి డొప్ప ఉంటుంది. ఏబీఎస్ ప్లాస్టిక్ కావచ్చు, పాలీకార్బొనేట్ కావచ్చు, ఖరీదైన వాటిలో ఫైబర్ కావచ్చు. రాయో ఇనుప ముక్కో తలలోకి దిగకుండా ఆపడం, దెబ్బను ఒకచోటే పడనివ్వకుండా పరచడం దాని పని. డొప్ప కింద తెల్లగానో నల్లగానో థర్మోకోల్ పొర ఉంటుంది. టీవీ డబ్బాలో వచ్చే థర్మోకోల్ జాతిదే, కానీ చాలా చిక్కగా, గట్టిగా పోసింది. ప్రాణం కాపాడేది ఆ పొరే. గడ్డికుప్ప మీద దూకితే బతుకుతాం, అంతే ఎత్తు నుంచి సిమెంటు గచ్చు మీద దూకితే కాలు విరుగుతుంది. గడ్డి అణుగుతూ మనల్ని మెల్లగా ఆపుతుంది, గచ్చు ఒక్కసారిగా ఆపేస్తుంది. థర్మోకోల్ కూడా తల తగిలినప్పుడు తాను నలిగి, తలను కొన్ని మిల్లీసెకన్ల పాటు నెమ్మదిగా ఆపుతుంది. ఒకసారి నలిగిందంటే మళ్లీ మునుపటిలా లేవదు. అందుకే ఒక హెల్మెట్ ఒక ప్రమాదానికే.

దాని లోపల చెంపలకు తగిలే స్పాంజి, గుడ్డ ఉంటాయి. అవి సుఖం కోసం, తలకు బిగువుగా కూర్చోవడం కోసం. చివరిది బెల్టు. డొప్ప, థర్మోకోల్ ఎంత మంచివైనా బెల్టు తెగితే హెల్మెట్ ఒక దిక్కు, తల ఒక దిక్కు.

ఒకటో పని: తేదీ వెతకండి

కొన్న తేదీ కాదు, తయారైన తేదీ కావాలి. షోరూం గోడౌన్లో ఎన్నాళ్లు ఉందో మనకు తెలియదు. డొప్ప వెనక అంటించిన కాగితం మీదో, లోపల గుడ్డ కింద థర్మోకోల్ మీదో, బెల్టుకు కుట్టిన చిన్న గుడ్డ ముక్క మీదో నెల, సంవత్సరం ఉంటాయి. కొన్నింట్లో డొప్ప లోపలి వైపు అచ్చులోనే గడియారం బొమ్మలా వేసి ఉంటుంది. టార్చి వేసి ఓపికగా చూడండి.

తేదీ దొరికాక ఎన్నేళ్లు దాటితే పాతబడినట్టు? మీరు ఎక్కువగా వినేది ఐదేళ్లు. అమెరికాలో స్నెల్ ఫౌండేషన్ అని ఒక సంస్థ ఉంది. 1956లో రేసులో చనిపోయిన పీట్ స్నెల్ అనే కారు రేసరు పేరున 1957లో మొదలైంది, హెల్మెట్లను పరీక్షించడమే దాని పని. ఐదేళ్లకోసారి మార్చమని ఆ సంస్థ చెబుతుంది. ఎందుకంటే తల నూనె, చెమట, ఒంటికి పూసుకునేవి, రోజూ పెట్టి తీసే అరుగుదల, లోపలి జిగుర్లు పాతబడడం, ఇవన్నీ కలిసి హెల్మెట్‌ను బలహీనం చేస్తాయని. ఐదేళ్లన్నది తయారీదారులు, ఆ సంస్థ కలిసి జాగ్రత్త కోసం పెట్టుకున్న లెక్క. ఐదో పుట్టినరోజున హెల్మెట్ చచ్చిపోతుందని దాని అర్థం కాదు.

ఆ కారణాల్లో సగానికి పైగా వాడకం వల్ల వచ్చేవని గమనించండి. మన కొబ్బరినూనె తలలు, వేసవి చెమట ఎన్నడూ తగలని హెల్మెట్‌కు ఆ సగం వర్తించదు. థర్మోకోల్ కూడా తనంతట తాను తొందరగా పాడయ్యేది కాదు. కెనడాలో కొందరు ఇంజనీర్లు వందలాది వాడిన సైకిల్ హెల్మెట్లను పోగుచేసి పడేసి చూశారు. కొన్నింటి వయసు ఇరవై ఏళ్లు దాటింది. దెబ్బ తట్టుకునే గుణం వయసు వల్ల చెప్పుకోదగ్గంతగా తగ్గలేదని తేల్చారు. అవి సైకిల్ హెల్మెట్లు, అక్కడి వాతావరణంలో ఉన్నవి. అయినా వయసు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదని అర్థమవుతుంది.

మరి వాడని హెల్మెట్‌కు ఏ లెక్క? కొన్ని కంపెనీలు వాడకం మొదలుపెట్టాక ఐదేళ్లు, తయారైన నాటి నుంచి ఏడేళ్లు, ఏది ముందు వస్తే అది అంటాయి. నాకు అది సరైన పద్ధతిగా తోస్తుంది. తయారై ఐదేళ్ల లోపైతే కింద చెప్పే పరీక్షలకు పంపండి. ఐదు నుంచి ఏడేళ్లయితే అవే పరీక్షలు ఇంకా కఠినంగా చేయండి. ఏడు దాటితే, పైకి ఎంత మెరుస్తున్నా, దాన్ని రోజువారీ హెల్మెట్‌గా నేను ఒప్పుకోను. తేదీ ఎక్కడా లేకపోతే? ఏడు దాటినట్టే లెక్కేయండి.

రెండో పని: అసలు పుట్టుకతోనే మంచిదా?

ఇది చాలామంది వదిలేస్తారు. వాడలేదు, పాడవలేదు, కానీ తయారైన రోజునే పనికిరానిదైతే? మన దేశంలో బండి హెల్మెట్లకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేసిన ఉత్తర్వు 2021 జూన్ 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు మార్కు లేనివి రోడ్డు పక్కన బాహాటంగా రాశులు పోసి అమ్మారు. మీ అటక మీదిది ఆ కాలం నాటిదైతే ఈ పని ఇంకా శ్రద్ధగా చేయాలి.

వెనక భాగంలో ఐఎస్ఐ గుర్తు చూడండి. గుర్తు పైన ఐఎస్ 4151 అని ఇంగ్లీషులో ఉండాలి. బండి హెల్మెట్ల ప్రమాణం నంబరు అదే. గుర్తు కింద సీఎం/ఎల్ అని, పక్కన కొన్ని అంకెలు ఉండాలి. అది తయారీదారు లైసెన్సు నంబరు. పైనా కిందా అంకెలు లేకుండా వట్టి ఐఎస్ఐ గుర్తే ఉంటే నమ్మకండి. ఆ గుర్తు స్టికరు ఏ ప్రింటింగ్ షాపులోనైనా కొడతారు.

ఫోన్లో బీఐఎస్ కేర్ అనే ప్రభుత్వ యాప్ వేసుకుని ఆ సీఎం/ఎల్ నంబరు కొట్టండి. కంపెనీ పేరు, ఏ వస్తువుకు లైసెన్సు ఇచ్చారో వస్తాయి. పాత హెల్మెట్ కాబట్టి లైసెన్సు గడువు ఇప్పుడు అయిపోయి కనిపించవచ్చు. అంతమాత్రాన అది దొంగది కాదు. హెల్మెట్ మీది పేరు, యాప్‌లో వచ్చిన పేరు కలవాలి. వస్తువు హెల్మెట్ అయి ఉండాలి. నంబరే దొరక్కపోయినా, వేరే వస్తువు పేరు వచ్చినా ఆ హెల్మెట్ పక్కన పెట్టేయండి.

ఇంకో మోసం ఉంది. కొన్నింటి మీద గుర్తు నిజమే, కానీ నంబరు ఐఎస్ 2925 అని ఉంటుంది. అది కట్టడం పనుల దగ్గర, ఫ్యాక్టరీల్లో పెట్టుకునే టోపీకి. పైడిభీమవరం వైపు పరిశ్రమల్లో పనిచేసే వాళ్ల ఇళ్లలో అలాంటివి ఉంటాయి. పై నుంచి చిన్న వస్తువు పడితే ఆపడానికి చేసినవి అవి, బండి మీంచి పడే తల కోసం కాదు.

బండితో పాటు షోరూం ఇచ్చిన హెల్మెట్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కొత్త బండితో ప్రమాణాలకు తగిన హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోనే, 138వ నిబంధనలో ఉంది. కాబట్టి అది దయతో ఇచ్చిన కానుక కాదు, మీ హక్కు. కానీ చేతిలో పెట్టినవన్నీ మంచివని లేదు. మా ఇంట్లో వాటిలో ఒకదాని మీద లైసెన్సు నంబరు లేనే లేదు. ఆ రోజు చూసుకోలేదు, అడగలేదు. మీరు కొత్త బండి తీసుకుంటుంటే తాళాలు పుచ్చుకునే ముందే హెల్మెట్ తిప్పి చూడండి.

మూడో పని: ఇన్నాళ్లూ ఎక్కడ ఉందో గుర్తుచేసుకోండి

నా అనుభవంలో తేదీ కన్నా ఇదే ఎక్కువ చెబుతుంది. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి, వాళ్లకు గుర్తుంటుంది.

రేకుల కిందా, శ్లాబు కిందా? మే నెలలో రేకుల ఇంటి అటక మీద చెయ్యి పెట్టలేం. థర్మోకోల్ మామూలు ఎండను తట్టుకుంటుంది, కానీ 80 డిగ్రీల దగ్గరికి వస్తే ముడుచుకోవడం మొదలవుతుంది. రేకుకు ఆనుకుని ఉన్న హెల్మెట్, ఎండలో నిలిపిన కారు వెనక అద్దం కింద పెట్టిన హెల్మెట్, పొయ్యి మీద సజ్జలో పెట్టిన హెల్మెట్, వీటన్నింటినీ అనుమానించండి. వేడి తగిలిన చోట థర్మోకోల్ నునుపుగా, మెరుస్తూ, కొద్దిగా లోపలికి లాగినట్టు ఉంటుంది. కిటికీ పక్కన ఏళ్ల తరబడి ఎండ పడినదైతే డొప్ప రంగు వెలుస్తుంది. వెలిసింది రంగేనా, ప్లాస్టిక్కేనా అన్నది కంటితో చెప్పలేం.

పక్కన ఏమున్నాయి? ఇది ఎవరూ అడగని ప్రశ్న. అటక మీద హెల్మెట్‌కు తోడుగా పెయింటు డబ్బాలు, టర్పెంటైన్ సీసా, పెట్రోలు క్యాను, పొలానికి కొట్టే మందు డబ్బాలు ఉంటాయి. థర్మోకోల్ ముక్క మీద ఒక చుక్క పెట్రోలు వేసి చూస్తే కళ్ల ముందే కరిగిపోతుంది. చుక్క పడకపోయినా, మూత సరిగా లేని డబ్బా పక్కన ఏళ్ల తరబడి మూసిన చోట ఉండడం మంచిది కాదు. కలరా ఉండలూ అంతే. పట్టుచీరల పెట్టెలో హెల్మెట్ దాచి, పురుగు పట్టకుండా నాలుగు ఉండలు వేసిన ఇల్లు చూశాను. ఎంతో శ్రద్ధతో చేసిన పని అది. కానీ ఆ ఉండల ఆవిరి థర్మోకోల్‌కు శత్రువు. ఉండ తగిలిన చోట గుంట పడి, వేలు పెడితే జిగురుగా ఉంది.

తీరానికి ఎంత దూరం? కళింగపట్నం, భావనపాడు, బారువ, భోగాపురం వైపు ఇళ్లలో ఇనుప గడియలు ఎలా తుప్పు పడతాయో మీకు తెలుసు. హెల్మెట్ బెల్టును డొప్పకు పట్టించే రివెట్లూ ఇనుమే. ఆ ఊళ్ల హెల్మెట్‌కు బెల్టు పరీక్ష రెండుసార్లు చేయండి.

తుపానులో తడిసిందా? 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎన్నో కప్పులు ఎగరగొట్టాయి. వాన తగలడం వేరు. ప్రమాణం ప్రకారం హెల్మెట్లను పరీక్షించేటప్పుడు వేడిలో, చలిలో ఉంచి, తడిపి కూడా చూస్తారు. కాబట్టి వానలో ఒకరోజు తడిస్తే ఏమీ కాదు. తడిసి, ఆరకుండా, కవరులో మూసి ఉండిపోతే మా ఇంట్లో జరిగిందే జరుగుతుంది.

పైన బరువు పెట్టారా? బియ్యం బస్తానో ఇత్తడి గుండిగో హెల్మెట్ మీద ఎక్కించి ఉంటే డొప్ప ఆకారం మారుతుంది. అటక మీంచి గచ్చు మీద పడిందా అని కూడా అడగండి. లోపల తల లేకుండా నడుమెత్తు నుంచి పడితే సాధారణంగా పెద్ద నష్టం ఉండదు. అటక ఎత్తు నుంచి సిమెంటు మీద పడిందంటే మాత్రం పడ్డ చోటు లోపలి వైపు తప్పక చూడాలి.

నాలుగో పని: విప్పి, కళ్లతో, వేళ్లతో చూడండి

పగటి వెలుతురులో, పాత తెల్ల గుడ్డ పరిచి దాని మీద చేయండి. తెల్ల గుడ్డ ఎందుకంటే ఏ పొడి రాలినా కనిపిస్తుంది.

మొదట వాసన చూడండి. బూజు వాసనైతే ఎక్కడో తడి ఉండిపోయిందని. పెయింటు, పెట్రోలు, మందు వాసన వస్తే ఇక ముందుకు వెళ్లనక్కర్లేదు, పక్కన పెట్టేయండి.

లోపలి గుడ్డ, చెంప మెత్తలు ఊడదీయండి. చాలావాటికి ప్రెస్ బటన్లు ఉంటాయి, మెల్లగా లాగితే వస్తాయి. అంటించినవైతే బలవంతం చేయకుండా అంచులు ఎత్తి చూడండి. మెత్తను నలపండి. పొడి రాలితే ఆ స్పాంజి అయిపోయిందని అర్థం. మన ఉక్క వాతావరణంలో వాడినా వాడకపోయినా ఈ రకం స్పాంజి విరుగుతుంది. స్పాంజి ఒక్కటే పోతే, ఆ మోడల్ మెత్తలు విడిగా దొరికితే మార్చుకోవచ్చు. దొరక్కపోతే ఇంట్లో స్పాంజి కోసి కూర్చకండి. బిగువు మారిపోతుంది.

ఇప్పుడు థర్మోకోల్. టార్చి అడ్డంగా పట్టి చూడండి, గుంటలూ పగుళ్లూ నీడలుగా కనిపిస్తాయి. బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కుతూ పోండి. అంతా ఒకే గట్టిదనం ఉండాలి. ఒకచోట వేలు దిగినా, గింజలు విడిపోయి చేతికి వచ్చినా అది పనికిరాదు. సన్నటి గీత కనిపిస్తే గోరు పెట్టి చూడండి. గోరు పట్టుకుంటే అది పగులు. సన్నటి రంధ్రాలు, పక్కన తెల్లటి పొడి కుప్పగా ఉంటే చీమలో చెదలో లోపల దారులు చేసుకున్నాయి. పైకి రెండు రంధ్రాలే కనిపిస్తాయి, లోపల ఎంత తొలిచాయో కనపడదు. ఎలుక కొరికిన అంచు ఎంత చిన్నదైనా అంతే.

ఇక్కడ మనవాళ్లు ఒక మాట అంటారు, "ఏటి, ఆ కాస్త ముక్క పోతే ఏటవుతాది?" రోడ్డు మీద ఏ వైపు పడతామో మనం ఎంచుకోలేం కదా.

డొప్పకూ థర్మోకోల్‌కూ మధ్య చూడండి. హెల్మెట్ ఊపితే లోపల కదలకూడదు, చప్పుడు రాకూడదు. తర్వాత రెండు అరచేతులతో చెవుల దగ్గర పట్టి మెల్లగా నొక్కి వదలండి. కొద్దిగా వంగి తిరిగి రావాలి. కరకరమని శబ్దం వస్తే ఎక్కడో పగులు ఉంది. డొప్ప అంచులు, రివెట్ల చుట్టూ, అద్దం స్క్రూల చుట్టూ సాలెగూడు లాంటి సన్నగీతలు ఉన్నాయేమో చూడండి. ప్లాస్టిక్ ఎండిపోయిందనడానికి అవే గుర్తు.

గోడకేసి కొట్టి, నేలకేసి వేసి గట్టిదనం చూడకండి. బాగున్న హెల్మెట్ ఆ పరీక్షతోనే పాడవుతుంది.

ఐదో పని: బెల్టు

హెల్మెట్ తలకిందులుగా మోకాళ్ల మధ్య పట్టుకుని, బెల్టు ఒక్కో పక్కా చేతికి చుట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగండి. మొహమాటపడకండి. ఇక్కడ తెగితే ఇంట్లో తెగినట్టు. రివెట్ దగ్గర కదలిక, కుట్టు దారం పిగలడం, పట్టీ అంచులు పీచు రావడం, ఏది కనిపించినా ఆ హెల్మెట్ వద్దు. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర బెల్టు కుట్టించుకుని వాడేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. మామూలు దారం ఆ కుదుపు ఆపలేదు.

తర్వాత లాకు. పదిసార్లు పెట్టండి, తీయండి. పెట్టిన ప్రతిసారీ లాగి చూడండి. పదిలో ఒక్కసారి జారినా లెక్కే. పాత ప్లాస్టిక్ క్లిప్పులు పెళుసెక్కి మూడోసారికో నాలుగోసారికో టక్కున విరుగుతాయి.

ఆరో పని: ఎవరు పెట్టుకుంటారు?

అన్నీ సరిపోయాయి అనుకుందాం. తలకు సరిపోకపోతే ఫలితం లేదు. కనుబొమల పైనుంచి తల చుట్టూ టేపుతో కొలవండి. 58 సెంటీమీటర్లయితే మీడియం, 60 అయితే లార్జ్ అన్నది మన దగ్గర మామూలుగా ఉండే లెక్క. లోపల సైజు రాసి ఉంటుంది. పెట్టుకుని, లాకు వేసి, మెడ వెనక నుంచి హెల్మెట్ అంచు పట్టుకుని పైకి, ముందుకు ఎత్తమని ఇంట్లో ఎవరికైనా చెప్పండి. కళ్ల మీదికి దొర్లి ఊడివస్తే అది మీది కాదు. వెనక కూర్చునే అమ్మకో భార్యకో షోరూం లార్జ్ సైజు పెట్టి తీసుకెళ్లడం మన దగ్గర మామూలైపోయింది. ముడి మీద నిలబడి గాలికి ఊగుతుంటుంది అది. వెనక కూర్చునే మనిషిదీ తలే, ఆమెకు కూడా కొలత తీసి కొనండి. చట్టం కూడా నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, ముందు కూర్చున్నా వెనక కూర్చున్నా, ప్రమాణాలకు తగిన హెల్మెట్ ఉండాలనే అంటోంది. లేకపోతే 1000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు సస్పెన్షన్.

అద్దం పసుపెక్కినా గీతలు పడినా దాన్నొక్కటే మార్చుకోండి. రాత్రి లారీ లైట్లు ఆ గీతల మీద చెదిరి రోడ్డు కనపడదు. ఈ ఒక్క లోపానికి హెల్మెట్ పారేయనక్కర్లేదు.

నెగ్గిన హెల్మెట్‌ను ఎలా కడగాలి

గోరువెచ్చటి నీళ్లలో కాస్త షాంపూ కలిపి, మెత్తటి గుడ్డతో తుడవండి. ఊడివచ్చే గుడ్డ, మెత్తలు చేత్తో ఉతకండి. పెట్రోలుతో, కిరోసిన్‌తో, థిన్నర్‌తో మెరుగు పెట్టకండి. ఎండలో కాకుండా ఫ్యాను కింద నీడలో ఒక రోజంతా ఆరనివ్వండి. కొత్త స్టికర్లు, రంగులు వద్దు. ఆ జిగురు, ఆ స్ప్రే డొప్ప ప్లాస్టిక్‌ను తినేస్తాయి. దాచేటప్పుడు ప్లాస్టిక్ కవరు కాకుండా నూలు సంచిలో, బీరువాలో బట్టల మధ్య, కలరా ఉండలకు దూరంగా పెట్టండి.

ఓడిపోయిన హెల్మెట్, రేపటి ప్రయాణం

పరీక్షలో ఓడింది, కానీ ఇవాళే బయల్దేరాలి, ఇంట్లో ఇంకో హెల్మెట్ లేదు. ఏం చేయాలి? చాలామంది నన్ను అడిగింది ఇదే. బెల్టు, లాకు బాగుండి, థర్మోకోల్ చెక్కుచెదరక, వయసు ఒక్కటే ఎక్కువైతే, ఉత్త తలతో వెళ్లడం కన్నా దాన్ని పెట్టుకుని నెమ్మదిగా వెళ్లండి. వెళ్లే దారిలోనే కొత్తది కొనండి. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరో, విజయనగరం మూడు లాంతర్ల వైపో బజారుకు వెళ్లే పని ఎలాగూ ఉంటుంది. బెల్టు పోయినా థర్మోకోల్ నలిగినా మాత్రం పక్కింటివాళ్ల దగ్గర అరువు అడగండి, లేదా బస్సెక్కండి. అది తలమీద ఉన్నా లేనట్టే, పైగా ఉందన్న ధైర్యంతో బండి తోలుతాం.

వెయ్యి, పదిహేను వందల్లో ఐఎస్ 4151 మార్కున్న మంచి హెల్మెట్ దొరుకుతుంది. షాపులో కూడా ఇదే పద్ధతి. పైన దుమ్ముపట్టిన డబ్బా దించి ఇస్తే వద్దనండి, తయారీ నెల చూసి కొత్త స్టాకు అడగండి. "ఎప్పటిదైనా కొత్తదే కదండీ" అని షాపతను అంటే, తేదీ చూపించమని మర్యాదగా అడగండి.

పనికిరాని దాన్ని అలాగే చెత్తలోనో పాత సామాన్ల బండికో వేయకండి. ఎవరో తుడిచి, మెరుగు పెట్టి మళ్లీ అమ్ముతారు, ఇంకెవరో కొంటారు. కత్తెరతో బెల్టు రెండు పక్కలా మొదలంటా కోసేయండి. డొప్ప మీద పెద్ద అక్షరాలతో "పనికిరాదు" అని రాయండి. పనివాళ్లకో, చదువుకునే కుర్రాడికో దానం చేద్దామన్న ఆలోచన వస్తే కొత్తది కొనివ్వండి.

మా అటక మీది దాన్ని అలా కోసి పారేశాక కొత్తవి రెండు కొన్నాను. ఒకటి నాది, ఒకటి అమ్మ కొలతకు తీసినది. లోపలి తేదీ కాగితం చెమటకు చెరిగిపోతుందని రెండింటి లేబుళ్లకూ ఫోన్లో ఫోటో తీసి, ఆ నెల, సంవత్సరం ఒక చీటీ మీద రాసి బండి ఆర్సీ ఉన్న కవరులో పెట్టాను. ఇన్సూరెన్స్ కట్టడానికి ఏటా ఆ కవరు ఎలాగూ తీస్తాం, చీటీ కంటపడుతుంది. మీరు కూడా ఈసారి హెల్మెట్ దించినప్పుడు ఆ చీటీతోనే మొదలుపెట్టండి.